అయిపోయిందనుకున్న సెల్లు

అందరికీ నమస్కారమండి. ఈ మైకు అడుగు మూత తీస్తే చిన్న ఇటుకలా ఓ బ్యాటరీ ఉంటుంది, 9 వోల్టులది. ముందు దాని గురించే చెప్తాను.

పోయిన వేసవిలో మా అబ్బాయి రిమోట్ కారులోంచి అలాంటిదే ఒకటి తీసి, అయిపోయిందిలే అని జేబులో వేసుకున్నాను. అదే జేబులో బండి తాళాలు, కాస్త చిల్లర. వీధి చివరికి వెళ్ళేసరికి తొడ మీద అట్లపెనం ఆనించినట్టు చుర్రుమంది, గబగబా జేబు తిరగేస్తే తాళంచెవి ముట్టుకోలేనంత వేడిగా ఉంది. పెన్సిల్ సెల్లుకు ప్లస్సు ఒక చివర, మైనస్సు ఇంకో చివర ఉంటాయి కదా, దీనికి రెండూ తల మీదే, పక్కపక్కనే. మధ్యలో ఓ పిన్నీసు అడ్డంపడినా కరెంటు దాని గుండా పారి కాలిపోతుంది, దగ్గర్లో కాగితమో దూదో ఉంటే అంటుకుంటుంది. కారును నడపలేని బ్యాటరీలో కూడా ఆ మాత్రం శక్తి మిగిలే ఉంటుంది.

ఇక మన టీవీ కింద సొరుగు గుర్తు తెచ్చుకోండి. సెల్లులు, పిన్నీసులు, పాత బిల్లులు, అగ్గిపెట్టె అన్నీ అందులోనే! ఇవాళే తీసి చూడండి. 9 వోల్టుల వాటి తలకు టేపు వేయండి. కొత్తవి అట్టలోంచి తీయకండి, విడివి ప్లాస్టిక్ డబ్బాలో ఒకే వైపు తిప్పి పేర్చండి, స్టీలు డబ్బా వద్దు. అయిపోయిన సెల్లుల్ని ఎండలో పెట్టే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది, మానేయండి. బటన్ సెల్లులు పిల్లలకు అందకూడదు, మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోవచ్చు, క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేస్తే, పైనున్న లాడ్జిలో 8 మంది చనిపోయారు. అందుకే అడుగుతున్నాను, స్కూటర్ బ్యాటరీని మెట్ల కింద, గుమ్మం దగ్గర ఛార్జింగ్ పెట్టకండి. మంట వస్తే మనం బయటపడాల్సిన దారి అదే. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని నొక్కొద్దు, గుచ్చొద్దు, మళ్ళీ ఛార్జింగ్ పెట్టొద్దు.

పాత బ్యాటరీల్ని చెత్తబండిలో కూడా వేయకండి. చెత్తను అదిమేటప్పుడు లిథియం బ్యాటరీ నలిగితే మంట లేస్తుంది, ఆ పక్కనే నిలబడేది రోజూ మన గుమ్మం ముందుకొచ్చే మనిషి. వాచ్‌మన్ గది దగ్గర ప్లాస్టిక్ డబ్బా, టేపు చుట్ట పెట్టాం. పాత సెల్లుల చివరలకు టేపు వేసి అందులో వేయండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు నేనే తీసుకెళ్ళి ఇస్తాను. ఉబ్బినవి మాత్రం అందులో వేయకుండా నాకు ఫోన్ చేయండి.