ఎర్ర కార్డు ఎత్తే హక్కు

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు చిన్న పని ఉంది. మీ కుర్చీల మీద తలా మూడు కార్డులు పెట్టాం, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. నేను చెప్పేది అర్థం కాకపోతే ఎర్రది ఎత్తండి, ఆగి మళ్ళీ చెప్తాను. మరీ గబగబా పోతున్నాననిపిస్తే పసుపుది, బాగుంది కానివ్వండి అనిపిస్తే ఆకుపచ్చది. మొహమాటపడకండి. మాది లెర్నింగ్ డిఫికల్టీస్ ఉన్నవాళ్ళు తమ తరపున తామే మాట్లాడుకునే సెల్ఫ్ అడ్వకసీ గ్రూప్, మా ప్రతి మీటింగూ ఇలాగే జరుగుతుంది, ఇలాంటి గ్రూపులు చాలా దేశాల్లో ఈ కార్డులు వాడతాయి.

ముందుగా ఈ మాట గురించి చెప్పాలి. లెర్నింగ్ డిఫికల్టీస్ అనగానే చాలామంది డిస్‌లెక్సియా అనుకుంటారు, చదువుతుంటే అక్షరాలు తికమక పడటం లాంటిది. నేను మాట్లాడేది దాని గురించి కాదు. కొత్త విషయం పట్టుకోడానికి ఎక్కువ టైమ్ పట్టేవాళ్ళు, డబ్బు లెక్కలు, కాగితాలు, ప్రయాణాలు, ఇలాంటి రోజువారీ పనుల్లో పక్కన ఒకళ్ళ సాయం కావాల్సినవాళ్ళు, మేధో వైకల్యం అని కాగితాల మీద రాస్తారు చూడండి, వాళ్ళ గురించి. బ్రిటన్‌లో ఈ గ్రూపుల్లో ఉన్నవాళ్ళే చాలామంది మమ్మల్ని లెర్నింగ్ డిఫికల్టీస్ ఉన్నవాళ్ళు అనండి అని అడిగారు, అందుకే ఆ మాట వాడుతున్నా. బుద్ధిమాంద్యం అన్న పాత మాట ఉంది కదా, దాన్ని దయచేసి వదిలేద్దాం. ఆ మాట వినీ వినీ పెద్దయినవాళ్ళ మొహంలోకి చూస్తే ఎందుకు వదలాలో నేను వేరే చెప్పక్కర్లేదు.

సెల్ఫ్ అడ్వకసీ అంటే మన తరపున మనమే మాట్లాడుకోవడం, అంతే. వినడానికి చాలా మామూలుగా ఉంది కదా. కానీ ముప్పై అయిదేళ్ళ మనిషిని అందరూ ఏరా, బంగారం, నాన్నా అని పిలుస్తుంటే, డాక్టరేమో ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పక్కనున్న వాళ్ళమ్మని "ఎక్కడ నొప్పంటున్నాడు?" అని అడుగుతుంటే, ఆ మనిషి ఎప్పుడు మాట్లాడాలి, ఎవరితో మాట్లాడాలి? మన భాషలో మీరు అనే మాట ఉంది, గారు అనే మాట ఉంది, ఈ మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనకి అవి గుర్తుకు రావు. మా గ్రూప్‌లో మొట్టమొదట పెట్టుకున్న రూల్ ఇదే, అందరినీ మీరు అనే పిలవాలి, ఎవరైనా నన్ను నువ్వు అనండి అని వాళ్ళంతట వాళ్ళు చెప్తే తప్ప.

ఈ గ్రూపులు ఎక్కడినుంచి వచ్చాయో కొంచెం చెప్తా, ఎందుకంటే ఇది ఎవరో పెద్దమనుషులు దయతలచి ఇచ్చింది కాదు. 1960ల్లో స్వీడన్‌లో బెంగ్ట్ నిర్యే అనే ఆయన ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల సంఘంలో పనిచేస్తూ, లెర్నింగ్ డిఫికల్టీస్ ఉన్నవాళ్ళకి క్లబ్బులు పెట్టి మీటింగ్ ఎలా నడపాలో, ఓటు ఎలా వేయాలో నేర్పించే పనికి ఊతమిచ్చారు. 1970లో మాల్మో ఊళ్ళో దేశం మొత్తం నుంచి ప్రతినిధులు వచ్చి సొంతంగా మాట్లాడుకున్నారు. ఏం అడిగారో తెలుసా? సొంత ఇల్లు కావాలన్నారు, మా పని మేమే ఎంచుకుంటామన్నారు, మమ్మల్ని గుంపులు గుంపులుగా ఊళ్ళో తిప్పొద్దన్నారు. ఇంకోటి అన్నారు, నాకు అది మిగతావన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది, మా గురించి డాక్టర్లూ మేనేజర్లూ మాట్లాడుకునేటప్పుడు మేమూ ఆ గదిలో ఉండాలి, ఇప్పుడైతే మా వెనకాల మాట్లాడుకుంటున్నట్టుంది అని. యాభై ఏళ్ళు దాటింది. ఆ గది తలుపు ఇప్పటికీ చాలాచోట్ల వేసే ఉంది.

తర్వాత అమెరికా. 1973లో కెనడాలో ఇలాంటి సభ ఒకటి జరిగితే అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం నుంచి కొందరు వెళ్ళారు, వెళ్ళి చూస్తే అక్కడ మాట్లాడేదంతా ప్రొఫెషనల్సే. ఇదేం పద్ధతి, మనం సొంతంగా పెట్టుకుందాం అనుకుని తిరిగొచ్చి 1974 జనవరిలో ఓరెగాన్‌లోని సేలం ఊళ్ళో కూర్చున్నారు. వాళ్ళలో, ఇలాంటివాళ్ళని ఇంటికి దూరంగా ఉంచే పెద్ద పెద్ద సంస్థల్లో ఏళ్ళ తరబడి బతికినవాళ్ళు ఉన్నారు. పేరేం పెడదామన్న చర్చలో, నన్ను ముందు మనిషిగా చూడండి, మిగతాదంతా తర్వాత అన్న మాట వచ్చింది, దాంట్లోంచే పీపుల్ ఫస్ట్ అన్న పేరు పుట్టింది. ఆ ఏడాదే అక్టోబరులో పెట్టిన మొదటి సభకి రెండొందల మంది వస్తారేమో అనుకుంటే 560 మంది వచ్చారు! పదేళ్ళకి, 1984లో, లండన్‌లోనూ పీపుల్ ఫస్ట్ మొదలైంది. ఇప్పుడు ఇలాంటివి ఎన్నో దేశాల్లో ఉన్నాయి.

సరే, చరిత్ర అక్కడ ఆపుతా. అసలు మీటింగ్‌లో ఏం జరుగుతుందో చెప్తా, ఎందుకంటే గ్రూప్ పెట్టాలనుకుంటున్న మీలో చాలామంది అడిగింది అదే.

నేను ఇందులో సపోర్టర్‌ని. అంటే గది బుక్ చేయడం, కాగితాలు తేలిక మాటల్లోకి మార్చడం, ఎవరికైనా అర్థం కాకపోతే పక్కన కూర్చుని ఇంకోలా చెప్పడం. నాకు ఓటు లేదు. చైర్‌పర్సన్ ఎవరో, ఎజెండాలో ఏముండాలో, డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో మెంబర్లు తేలుస్తారు. చెప్పడానికి సులువుగా ఉంది కానీ చేయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఒకసారి ఏమైందంటే, మా చైర్‌పర్సన్ ఎజెండా చదువుతున్నారు, ఆవిడకి ఒక్కో మాట రావడానికి టైమ్ పడుతుంది, వేలు కాగితం మీద పెట్టి బొమ్మ చూసి, పెదాలు కదిపి, అప్పుడు పైకి అంటారు. మూడో పాయింట్ దగ్గర ఆగిపోయారు. గదంతా నిశ్శబ్దం. నాకేమో మనసులో గంట మోగుతోంది, గది ఇంకో ఇరవై నిమిషాల్లో ఖాళీ చేయాలి, ఇంకా నాలుగు పాయింట్లున్నాయి, ఆవిడ ఇబ్బంది పడుతున్నారేమో అని జాలి కూడా వేసింది, ఉండబట్టలేక ఆ వాక్యం నేను పూర్తిచేసేశా. ఆవిడ తల పైకెత్తి నాకేసి చూశారు. కాగితం కింద పెట్టారు. ఎర్ర కార్డు తీసి నా మొహానికి ఎదురుగా పట్టుకున్నారు. కోపంగా కాదు, స్థిరంగా. "నేను ఆలోచిస్తున్నా" అన్నారు. ఆవిడ ఆగింది చదవడం రాక కాదు, ఆ పాయింట్ అక్కడ ఉండకూడదని, దాన్ని ముందుకి జరపాలని. నేను ఆ నిశ్శబ్దాన్ని లోటు అనుకున్నా, ఆవిడేమో ఆ నిశ్శబ్దంలో పని చేస్తున్నారు.

ఆ రోజు నుంచి నేను మనసులో పదిహేను లెక్కపెట్టుకుంటా, ఎవరైనా ఆగితే. పదిహేను తర్వాత కూడా చాలాసార్లు ఇంకో పదిహేను.

ఇంకో విషయం ప్రశ్నలు అడిగే తీరు. జీవితమంతా సరేనంటేనే మెచ్చుకోలు దొరికినవాళ్ళు ఏది అడిగినా అవును అనేస్తారు. ఈ విషయం మీద పరిశోధనలూ ఉన్నాయి, అవును కాదు ప్రశ్నలు వేస్తే అవును వైపు మొగ్గుతారనీ, రెండింట్లో ఏది అంటే కొందరు చివర విన్నదే చెప్తారనీ. కాబట్టి బస్సులో వెళ్దామా నడిచి వెళ్దామా అని అడిగి నడిచి అంటే దాన్నే ఖాయం చేసుకోకండి, కాసేపాగి నడిచి వెళ్దామా బస్సులో వెళ్దామా అని తిప్పి అడగండి, వీలైతే రెండిటి ఫొటోలు ముందు పెట్టండి. మాటలు అసలు రానివాళ్ళు కూడా గ్రూప్‌లో ఉంటారు, బొమ్మల బోర్డు మీద వేలు పెట్టి, కళ్ళతో చూపించి, కుర్చీ వెనక్కి జరిపి చెప్తారు. కుర్చీ వెనక్కి జరపడం కూడా ఒక ఓటే, మినిట్స్‌లో, అంటే మీటింగ్‌లో ఏం జరిగిందో రాసిపెట్టే కాగితంలో, రాయాలి.

కాదు అనడం నేర్చుకోవడం ఎందుకింత ముఖ్యమంటారా? తల్లిదండ్రులు ఈ మాట జాగ్రత్తగా వినండి, బాధగానే చెప్తున్నా. ఎవరు ఏం చెప్పినా తలూపే అలవాటు చేసిన మనిషి చెడ్డవాడు దగ్గరికొచ్చినప్పుడూ తలూపుతాడు. గ్రూప్‌లో కార్డు ఎత్తి వద్దు అని, ఆ వద్దు చెల్లడం కళ్ళతో చూసిన మనిషికి బయట కూడా వద్దు అనడం కొంచెం సులువవుతుంది. తనకి జరిగింది తప్పు అని మొదటిసారి గ్రూప్‌లోనే నోరువిప్పి చెప్పినవాళ్ళు ఉన్నారు, అప్పటిదాకా వాళ్ళని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

మేం పోయాక వీళ్ళకెవరు అన్న భయం నాకు తెలుసు, దాన్ని తక్కువ చేయను. ఆ భయంతోనే చాలామంది గార్డియన్‌షిప్ కాగితాల వైపు వెళ్తారు, అంటే సంతకం, డబ్బు, ఇల్లు, అన్నీ ఇంకొకరి చేతికి. కానీ 2006 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న వికలాంగుల హక్కుల ఒడంబడిక, దాని 12వ అధికరణం, చెప్పేది వేరు: చట్టం ముందు ఈ మనుషులూ అందరితో సమానం, నిర్ణయం వాళ్ళదే, కావాల్సిన సాయం అందించడం ప్రభుత్వాల బాధ్యత. పెరూ 2018లో తన చట్టం మార్చి వికలాంగుల నిర్ణయాలు ఇంకొకరి చేతికిచ్చే పాత పద్ధతి తీసేసింది. ఐర్లండ్‌లో, పక్కన సాయంతో సొంత నిర్ణయాలు తీసుకోనిచ్చే 2015 నాటి చట్టం 2023లో అమల్లోకి వచ్చింది. ఈ ఒడంబడిక రాస్తున్నప్పుడు ఆ చర్చల్లో కూర్చున్నవాళ్ళలో న్యూజిలాండ్‌కి చెందిన రాబర్ట్ మార్టిన్ ఒకరు. పద్దెనిమిది నెలల వయసులో ఆయన్ని ఒక సంస్థలో చేర్చారు, చిన్నతనంలో చాలాకాలం అలాంటి చోట్లే గడిచింది. ఆయనే 2016లో ఆ ఒడంబడిక అమలు చూసే ఐక్యరాజ్యసమితి కమిటీకి ఎన్నికయ్యారు, లెర్నింగ్ డిఫికల్టీస్ ఉన్నవాళ్ళలో అక్కడికి చేరిన మొదటి మనిషి. 2024లో కన్నుమూశారు. ఆయన కోసం కమిటీ కాగితాలు తేలిక భాషలోకి రావాల్సి వచ్చిందంటే, ఒక్క మనిషి గదిలోకి వస్తే గది ఎలా మారుతుందో చూడండి.

డబ్బు గురించి కూడా దాచకుండా చెప్తా. చాలా గ్రూపులు, మెంబర్లు పగటిపూట గడిపే డే సెంటర్ గదిలోనే మొదలవుతాయి, సెంటర్ స్టాఫే సపోర్టర్లు. మరి ఆ సెంటర్ మీదే ఫిర్యాదు ఉంటే? మాకు అదే అనుభవం, ఎక్కడో చెప్పను కానీ, భోజనాల టైమ్ మార్చమని మెంబర్లు ఉత్తరం రాస్తే మరుసటి నెల మాకు గది దొరకలేదు. అప్పుడర్థమైంది, గది తాళంచెవి ఎవరి దగ్గరుంటే మాట వాళ్ళది. వీలైనంత త్వరగా గ్రూప్ పేరు మీద బ్యాంక్ ఖాతా తెరవండి, సంతకాలు మెంబర్లవే ఉండాలి. బ్యాంక్‌లో ఎలాగూ ఇబ్బంది పెడతారు, రెండు మూడుసార్లు తిరగాలి, తిరగండి. ఫండింగ్ ఇచ్చేవాళ్ళు ఎంతమంది వచ్చారు, ఎన్ని మీటింగులు అని అడుగుతారు. ఒక మనిషి ఏడాది మౌనంగా కూర్చుని పదమూడో నెల మొదటిసారి చేయి ఎత్తడం ఏ గడిలో రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు, నేను మాత్రం రిపోర్టులో రాస్తూనే ఉన్నా.

నాకిచ్చిన టైమ్ అయిపోయింది. మిగతా నలభై నిమిషాలు మా చైర్‌పర్సన్ గారివి, ఇందాక చెప్పిన ఎర్ర కార్డు మనిషి ఆవిడే, ఆ సంగతి ఇక్కడ చెప్పొచ్చా అని అడిగే చెప్పాను. ఆవిడ మైక్ దగ్గరికి వచ్చాక మొదటి మాటకి కాసేపు పట్టొచ్చు. అప్పుడు ఫోన్లు చూడకండి, చప్పట్లతో ధైర్యం చెప్పకండి, ఊరికే కూర్చోండి. నేను వెనక వరుసలో ఉంటా. మేడమ్, రండి.