నయమాను ఇంటి చిన్నపిల్ల

శ్రోతలకు నమస్కారం. గర్వం గురించి పిల్లలకు చెప్పవలసి వచ్చినప్పుడు మనలో చాలామంది బాబెలు గోపురంతోనో, గొల్యాతుతోనో మొదలుపెడతాం. అవి మంచి కథలే. అయితే వాటిని విన్న పిల్లవాడు గర్వం ఎప్పుడూ ఎదుటివాడిదే అనుకునే అవకాశం ఉంది. అందుచేత ఈ కొద్ది నిమిషాల్లో రెండవ రాజుల గ్రంథం 5వ అధ్యాయంలోని నయమాను కథ ఒక్కటే చెబుతాను.

నయమాను సిరియా రాజుకు సైన్యాధిపతి, మహా శూరుడు, కానీ కుష్ఠరోగి. ఇశ్రాయేలు దేశం నుంచి సిరియనులు చెరపట్టి తెచ్చిన ఒక చిన్నపిల్ల ఆయన భార్యకు పరిచారికగా ఉండేది. ఆమె పేరేమిటో బైబిలు చెప్పదు. ఇశ్రాయేలులోని షోమ్రోను పట్టణంలో ఉన్న ప్రవక్త దగ్గరకు వెళితే అయ్యగారి రోగం నయమవుతుందని ఆ పిల్ల అమ్మగారితో చెప్పింది. కన్నవారికి తనను దూరం చేసినవారి మేలు కోరి చెప్పింది.

నయమాను వెండి, బంగారం, పది దుస్తుల బట్టలు తీసుకుని, గుర్రాలతో, రథంతో ఆ ప్రవక్త ఎలీషా ఇంటి ముందు నిలిచాడు. ఎలీషా బయటికి రాలేదు. యొర్దాను నదిలో 7 సార్లు మునగమని మనిషి చేత కబురు మాత్రం పంపాడు. తనంతటివాడు వస్తే ప్రవక్త ఎదురుగా వచ్చి నిలబడడా అని నయమానుకు కోపం వచ్చింది. దమస్కు నదులైన అబానా, ఫర్పరు ఇశ్రాయేలు నదులన్నిటికంటె మంచివి కావా అన్నాడు. ఈ మాట శ్రీకాకుళం పిల్లలకు వివరించనక్కరలేదు. వారి ముందు నాగావళిని తక్కువ చేసి మాట్లాడి చూడండి, నయమాను కోపం ఎటువంటిదో వారి ముఖాల్లోనే కనిపిస్తుంది.

అప్పుడు ఆయన సేవకులే దగ్గరకు వచ్చి, ప్రవక్త ఏదైనా గొప్ప పని చెప్పి ఉంటే చేసేవారు కదా, ఇంత చిన్న పని ఎందుకు చేయకూడదని మెల్లగా అడిగారు. నయమాను విన్నాడు, యొర్దానులో 7 సార్లు మునిగాడు. ఆయన దేహం పసిపిల్లవాడి దేహంలా అయింది.

మన ఇళ్లలో పెద్దల ముందు నోరెత్తని పిల్లను వినయవంతురాలని మెచ్చుకుంటాం. నాకు ఆ మెప్పు సరైనదనిపించదు. ఈ కథలో చిన్నపిల్ల మాట్లాడింది, సేవకులు మాట్లాడారు. వారు మాట్లాడకపోతే నయమాను రోగంతోనే ఉండిపోయేవాడు. మేలు కోరి మాట్లాడటం చిన్నవారి వినయం, చెప్పినది ఎవరైనా చెవియొగ్గటం పెద్దవారి వినయం. ఈ రెండూ పిల్లలకు కలిపే చెప్పాలి. ఎలీషా సేవకుడైన గేహజీ దురాశను గురించిన చివరి భాగాన్ని కొంచెం ఎదిగిన పిల్లలకు వేరొక రోజున చెప్పవచ్చు.

ఆదివారపు బడి నడిపే ఉపాధ్యాయులకు ఒక్క మనవి. కథ చెబుతూ గర్విష్ఠి అన్న మాట దగ్గర ఏ పిల్లవాడి వైపూ చూడకండి. సిగ్గుపడినవాడు కథను వదిలేసి ఆ చూపునే గుర్తుపెట్టుకుంటాడు. దానికి బదులు కథను పిల్లల చేత ఆడించండి. చెరలోని చిన్నపిల్ల మాటలను తరగతిలో ఎప్పుడూ వెనక కూర్చునే పిల్ల చేత పలికించండి. ఎప్పుడూ ముందు నిలబడాలనుకునే పిల్లవాడికి నయమాను వేషం ఇవ్వకండి, యజమానిని మెల్లగా ఒప్పించే సేవకుడి మాటలు ఇవ్వండి.