కడపకు బొకే పంపిస్తే కార్డు మీద గళ్ళు వచ్చాయి

అందరికీ నమస్తే. వీడియో మొదలుపెట్టే ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈరోజు చూపించే రెండు బొకేల్లో మొదటిది నాకు ఫ్రీగా వచ్చింది. ఆన్‌లైన్‌లో పూలు పంపించే ఒక సైటు వాళ్ళు 1,500 కూపన్ ఇచ్చి, చిన్న ఊళ్ళకు కూడా మా డెలివరీ ఉందని మీ వాళ్ళకు చెప్పండి అన్నారు. సరే అన్నాను. వీడియో పెట్టేముందు ఒకసారి మాకు చూపించాలి అన్నారు, అది కుదరదన్నాను. అంతే, ఆ తర్వాత మెయిలూ లేదు ఫోనూ లేదు. కాబట్టి పేరు చెప్పను, కింద కామెంట్లలో అడిగినా చెప్పను, అడిగితే మా అమ్మను అడగండి, ఆమె చాలా వివరంగా చెబుతుంది.

సేమ్ డే డెలివరీ, మిడ్‌నైట్ డెలివరీ, ఎన్ని గులాబీలకు ఎంత, అదంతా మీరు వాళ్ళ యాడ్‌లోనే చూసుంటారు, ఇక్కడ మళ్ళీ చదవను.

నేనుండేది హైదరాబాద్, ఇల్లు కడపలో, ఎర్రముక్కపల్లె. మే నెలలో అమ్మానాన్నల 36వ పెళ్ళిరోజు. కూపన్ చేతిలో ఉంది, ఆర్డర్ పెట్టాను. బొకే 999, చిన్న ఊరు కాబట్టి డెలివరీ 150, అనుకున్న టైముకు రావాలంటే ఇంకో 200. మొత్తం 1,349. అనుకున్న టైముకు రావడానికి వేరేగా డబ్బులేంటో, రాకపోవడానికి ఇవ్వాలా మామూలుగా అయితే? సరే, పదకొండు గంటలకు రావాల్సింది రెండింటికి వచ్చింది. మే నెల, కడప, మధ్యాహ్నం రెండు. ఆ ఎండ సంగతి కడప వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

ఆలస్యం పెద్ద విషయం కాదు. ఆ డెలివరీ పిల్లోడు నలభై డిగ్రీల ఎండలో బండి మీద వచ్చాడు, అమ్మ మజ్జిగ ఇచ్చి పంపించింది, అతని మీద నాకేం కంప్లయింట్ లేదు. నా గొడవంతా కార్డు గురించి.

బొకేతో పాటు ఒక మెసేజ్ కార్డు ఉచితం అన్నారు. నేను తెలుగులో రాశాను. "అమ్మకు, నాన్నకు 36వ పెళ్ళిరోజు శుభాకాంక్షలు. ఈసారి కూడా రాలేకపోయాను, తిట్టుకోండి కానీ ఆవకాయ మాత్రం నా వాటా పక్కన పెట్టండి." అని. సైటులో ప్రివ్యూ చూపించింది, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. స్క్రీన్‌షాట్ ఇదిగో, చూడండి. ఇప్పుడు వచ్చిన కార్డు చూడండి. కెమెరా దగ్గరగా పెడతాను. కనిపిస్తోందా? గళ్ళు. వరుసగా ఖాళీ గళ్ళు. మొత్తం కార్డు మీద చదవడానికి వీలైంది ఒక్క 36 మాత్రమే.

అమ్మ ఫోన్ చేసింది. "ఏందిరా ఇది, ముప్పై ఆరు అని ఒకటుంది, మిగతాదంతా గళ్ళు గళ్ళు ఉండాది. మీ నాన్న పెన్ను తీసుకుని కూర్చున్నాడు పూరిద్దామని."

నిజంగానే కూర్చున్నాడు. ఆదివారం పేపర్లో వచ్చే గళ్ళనుడికట్టు మా నాన్న వదలడు. ఆధారాలు వెనకవైపు ఉన్నాయేమో అని కార్డు తిప్పి కూడా చూశాడట. వెనక వైపు సైటు లోగో ఉంది.

నవ్వొచ్చింది, ఆ తర్వాత మంట పుట్టింది. ఎందుకంటే ఇది పెద్ద సాంకేతిక సమస్య కాదు. మనం టైప్ చేసిన అక్షరం ఆ కంప్యూటర్‌లో ఉన్న ఫాంటులో లేకపోతే దాని బదులు ఖాళీ గడి వస్తుంది, అంతే. అంకెలు అన్ని ఫాంట్లలోనూ ఉంటాయి కాబట్టి 36 బతికిపోయింది. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ ఉన్న ఉమ్మడి పట్టిక యూనికోడ్, అందులో తెలుగు 1991 నుంచీ ఉంది. ఇక ఫాంట్లంటారా, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ... అష్టదిగ్గజాల్లో సగం మంది పేర్లతో తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, డౌన్‌లోడ్ చేసుకోవడానికి రెండు నిమిషాలు. రాయలవారి సభలో సగం మంది ఫ్రీగా వస్తామంటుంటే, పిలవడానికి వీళ్ళకు తీరిక లేదు.

కస్టమర్ కేర్‌కి ఫొటో పంపిస్తే వచ్చిన జవాబు, దయచేసి మెసేజ్ ఇంగ్లీషులో రాయండి అని. మరి తెలుగు టైప్ చేయనిచ్చి, ప్రివ్యూ చూపించి, బిల్లు వేసేటప్పుడు చెప్పాలి కదా అది?

మన ఛానల్ పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, నాలుగేళ్ళ కింద ఒక స్మార్ట్ బ్యాండ్ రివ్యూ చేశాను. అందులోనూ ఇదే తంతు, అమ్మ వాట్సాప్‌లో ఏం పంపినా చేతి మీద గళ్ళే. ఆరు నెలలు గళ్ళు చూసుకుంటూ తిరిగాను, అమ్మ తిడుతోందో అన్నం తిన్నావా అంటోందో తెలిసేది కాదు. వాళ్ళు ఒక అప్‌డేట్‌తో సరిచేశారు. అదేమో రెండు వేల రూపాయల బ్యాండు, చేతికి కట్టుకునేది. ఇది పెళ్ళిరోజు కార్డు. అప్‌డేట్ రాదు దీనికి.

సరే, పూల సంగతికి వద్దాం. సైటు ఫొటోలో 20 ఎర్ర గులాబీలు, మధ్యలో ఆ తెల్లటి చిన్న చిన్న పూలు, జిప్సోఫిలా అంటారు. వచ్చినవి 11 గులాబీలు, 4 జెర్బెరాలు, 5 కార్నేషన్లు. లెక్కపెట్టింది నేను కాదు, అమ్మ. పూలు అందుబాటును బట్టి మారవచ్చు అని కింద చీమ తలకాయంత అక్షరాల్లో రాసుంది, ఆ అక్షరాలు మాత్రం గళ్ళు రాలేదు.

గులాబీ తాజాదో కాదో చూడాలంటే పైన రేకులు చూడొద్దు. మొగ్గ అడుగున, కాడకు కలిసే చోట, రెండు వేళ్ళతో మెల్లగా నొక్కండి. గట్టిగా ఉంటే తాజాది, మెత్తగా దిగిపోతే పాతది. బయటి రేకు ఒకటీ రెండూ కాస్త నల్లబడినా ఫర్వాలేదు, అది తీసేయొచ్చు. వీడియో కాల్‌లో అమ్మతో నొక్కించాను. 11లో 7 గట్టివి, 4 మెత్తవి. ఆ మెత్తవి సాయంత్రానికే మెడలు వంచేశాయి. అలా వంచిన గులాబీకి కాడలోకి గాలి పట్టి నీళ్ళు పైకి ఎక్కవు. కాడను నీళ్ళలో ముంచి, నీళ్ళలోనే రెండంగుళాలు ఏటవాలుగా కోసి, గోరువెచ్చటి నీళ్ళలో పెడితే కొన్ని లేస్తాయి. మావి రెండు లేచాయి.

బుట్ట అడుగున ఆకుపచ్చ స్పాంజి ఉంటుంది చూశారా, కాడలు గుచ్చేది? దాన్ని నీళ్ళ మీద వదిలేస్తే తనంతట తాను మెల్లగా మునగాలి. తొందరలో చేత్తో అదిమి ముంచితే బయట తడిసి లోపల పొడిగానే ఉంటుంది. మా బుట్టలో అదే జరిగింది, అమ్మ విరిచి చూపిస్తే మధ్యలో పొడి పొడిగా రాలింది. ఇంకోటి, దాన్ని మొక్కల కుండీలో పడేయకండి, అది ప్లాస్టిక్, మట్టిలో కలవదు, నలిగి పొడై అక్కడే ఉంటుంది.

ఇక కార్నేషన్లు. అవి మర్నాటి పొద్దునకే ముడుచుకుపోయాయి. ఇక్కడ మాత్రం తప్పు మాదే, ఒప్పుకోవాలి. ఎండ తగలకూడదని అమ్మ బుట్టను లోపలి గదిలో పెట్టింది. ఆ గదిలోనే మంచం కింద వరిగడ్డిలో బేనిషాన్ మామిడికాయలు మాగేశారు. మాగే పండు నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, కాయను పండించేది అదే, పూలను ముసలివి చేసేదీ అదే. కార్నేషన్‌కు అది అస్సలు పడదు. అరటిపళ్ళ పక్కన పెట్టినా ఇంతే. ఈ సంగతి చెబితే అమ్మ, "మామిడికాయలు తీసి ఆ పూలు పెట్టమంటావా ఆ గదిలో?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ 1,349కి మల్లెపూలు ఎన్ని మూరలొస్తాయో కూడా చెప్పింది, అది కట్ చేశాను.

అసలు కథ ఇక్కడుంది. స్పాంజి విరిచేటప్పుడు బుట్ట అడుగున ఒక స్టిక్కర్ కనిపించింది. కడప ఫోన్ నంబరు. చేశాను. ఎత్తినాయనది మా ఇంటికి నడిచిపోయే దూరంలో ఉన్న పూలంగడి! అంటే హైదరాబాద్‌లో నేను నొక్కిన ఆర్డరు ఎక్కడికో పోయి, తిరిగి మా వీధి చివరికే వచ్చింది. పూలు ఎక్కడి నుంచీ ఎగిరి రాలేదు. కూపన్‌లో పోయిన 1,349లో ఆయన చేతికి వచ్చింది 600. "ఆ 600లో బుట్ట, స్పాంజి, పూలు, పిల్లోడి పెట్రోలు, అన్నీ చూసుకోవాలన్నా, 20 గులాబీలు యాడ్నుంచి తెచ్చి పెట్టేది?" అన్నాడు. నిజమే. ఆ ఫొటోలోని బొకే ఈయన ఎప్పుడూ చూడలేదు, కార్డు కూడా ప్రింటు వేసి పంపింది వాళ్ళ ఏజెంటే.

గులాబీలు ఈయనకు బెంగళూరు నుంచి వస్తాయి. హోసూరు, దొడ్డబళ్ళాపురం వైపు పాలీహౌసుల్లో, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్లలో పండించేవి, 20 కాడలు ఒక కట్టగా అట్టలో చుట్టి, రాత్రి బస్సులో పార్సిల్. తోట దగ్గర రెండు మూడు డిగ్రీల చల్లటి గదిలో ఉన్న పువ్వు, మే నెలలో బస్సు డిక్కీలో రాత్రంతా ప్రయాణం చేసి తెల్లారేసరికి కడపలో దిగుతుంది. ఆ 4 మెత్త గులాబీల రహస్యం ఇదీ. ఎండాకాలం పంపించేవాళ్ళు పొద్దున తొమ్మిదిలోపే ఇంటికి చేరేలా చెప్పుకోండి. పెద్ద దర్గా ఉరుసు, దేవుని కడప బ్రహ్మోత్సవాలు, పెళ్ళి ముహూర్తాలు, ఈ రోజుల్లో అంగడి వాళ్ళకు ఊపిరాడదు, రెండ్రోజుల ముందే మాట్లాడుకోవాలి.

మాటల్లో ఇల్లెక్కడో చెప్పాను. "టీచరమ్మ కొడుకువా నువ్వు? నాకు ఏడో తరగతిలో తెలుగు చెప్పిందన్నా అమ్మ!" అన్నాడు.

కాబట్టి నా తీర్పు ఏంటంటే, పూలకు పదికి ఐదు, కార్డుకు సున్నా, ఆ సున్నా ముందు ఐదు నాకు కనబడటం లేదు. మీ సొంత ఊరైతే సైటు జోలికి పోవద్దు. మ్యాపులో ఊరి పేరు, పూలంగడి అని కొడితే నంబర్లు వస్తాయి, ఫోన్ చేసి ఈరోజు ఏ పూలు దిగాయని అడగండి, కట్టిన బొకే ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకోండి, చూశాకే డబ్బు వేయండి. అసలు ఎవరూ తెలియని ఊరికి పంపాలంటే అప్పుడు సైటు, కార్డు మీద ఇంగ్లీషులో హ్యాపీ అని పెట్టి ఊరుకోండి. ప్రొద్దుటూరులో ఉన్న మా అక్కకు పంపుదామని చూస్తే అదే సైటు రేపు వస్తుందంటోంది, కడప నుంచి 55 కిలోమీటర్లకు.

రెండో బొకే నా డబ్బుతో. సెప్టెంబర్ 5, టీచర్స్ డే, అమ్మ రిటైరయ్యాక మొదటిది. ఆయనకే ఫోన్ చేశాను. 650 తీసుకున్నాడు. 15 గులాబీలు, అన్నీ గట్టివే, చుట్టూ మా కడప వైపు పండే పసుపు చామంతులు, స్పాంజి లేదు, కాడలకు తడిగుడ్డ చుట్టి కవరు కట్టాడు. పొద్దున ఎనిమిదిన్నరకు ఇంట్లో ఉంది. కార్డు మీద ఏం రాయాలన్నా అని అడిగి, స్కెచ్ పెన్నుతో ఆయనే చేత్తో రాశాడు. గళ్ళు లేవు, అన్నీ అక్షరాలే, "టీచర్స్ డే శుబాకాంక్షలు" అని.

అమ్మ ఎర్ర పెన్ను తీసి బ కింద ఒత్తు పెట్టి, పక్కన పదికి తొమ్మిది వేసి, కార్డును తెచ్చిన పిల్లోడి చేతికే ఇచ్చి అంగడికి పంపించింది.