ఘాట్ రోడ్డులో బండి ఎంత వంచాలి?

అందరికీ నమస్కారం. ఆదివారం తెల్లారకముందే బండి తీసి, శృంగవరపుకోట మీదుగా అరకు ఘాట్ ఎక్కే కుర్రాళ్ళలో ఒకప్పుడు నేనూ ఒకణ్ణి. పైన టీ కొట్టు దగ్గర ఆగగానే ఒకళ్ళ టైర్లు ఒకళ్ళం చూసుకునేవాళ్ళం. మలుపుల్లో బండి బాగా వంచి టైరు అంచుదాకా అరగదీస్తే మొనగాడు, అంచున కొత్త రబ్బరు మిగిలితే పిరికివాడు. శుద్ధ తెలివితక్కువ లెక్క!

అసలు లెక్క వేరే ఉంది. 20 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపుని గంటకు 36 కిలోమీటర్ల వేగంతో తిరిగితే బండి సుమారు 27 డిగ్రీలు వంగాలి. అదే మలుపు 50లో తిరగాలంటే దాదాపు 45. పెరిగింది 14 కిలోమీటర్లే, కానీ వేగం రెండింతలైతే టైరు మీద పడే పక్క బలం నాలుగింతలవుతుంది మరి. మనం తోలే చాలా బళ్ళకి ఆపాటికి ఫుట్‌రెస్ట్ రోడ్డుని గీరేస్తుంది. మోటోజీపీ బైకు రేసుల్లో 60 డిగ్రీలు దాటిస్తారు కదా అంటారు. నిజమే, వాళ్ళ మలుపులో ఆవు పడుకుని ఉండదు.

నేనొకసారి మలుపులోకి కాస్త స్పీడుగా దిగి, ఎదురుగా ఉన్న పిట్టగోడ చూసి బిగుసుకుపోయాను. గోడనే చూశాను, బండి గోడ వైపే పోయింది. బెత్తెడు దూరంలో ఆగింది, నా అదృష్టం. చూపు ఎటుంటే బండి అటే పోతుందని ఆ రోజు ఒంటికి పట్టింది. అందుకే బ్రేకు, గేరు పనులన్నీ బండి నిటారుగా ఉండగానే ముగించాలి, తర్వాత తల తిప్పి మలుపు ఎక్కడ తేలుతుందో అక్కడికి చూడాలి, రేజ్ మెల్లగా, ఒకే తీరుగా ఇస్తూ పోవాలి.

వంచడానికి ఒళ్ళు ఊపక్కర్లేదు. కుడికి తిరగాలంటే కుడి హ్యాండిల్‌ని కాస్త ముందుకు నెట్టాలి. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ సైకిల్ తొక్కే ప్రతివాళ్ళూ తెలియకుండా చేసేది ఇదే. సైకిల్ షాపు నడిపి, ఆ తర్వాత విమానం ఎగరేసిన రైట్ సోదరుల్లో విల్బర్ ఈ సంగతి అప్పుడే కనిపెట్టాడు.

కుడి మలుపులో ఇంకో చిక్కుంది: టైర్లు మన వైపే ఉంటాయి, వంగిన తల మాత్రం మధ్య గీత దాటి, ఎదురొచ్చే బస్సు దారిలో ఉంటుంది. అందుకని అవతలి దారి కనబడేదాకా ఎడమ వైపే ఉండి, కాస్త ఆలస్యంగా లోపలికి తిప్పుకోవాలి.

కొన్ని మలుపులు సగం తిరిగాక ఇంకా బిగుసుకుంటాయి. అప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టేశారో, బండి జారుతుంది. చూపు ఇంకా లోపలికి తిప్పి, హ్యాండిల్ ఇంకాస్త నెట్టాలి. వంగడానికి ఇంకా చోటు మిగిల్చుకుని ఉంటేనే అది కుదురుతుంది. నా టైరు అంచున ఇప్పటికీ వేలెడు వెడల్పు కొత్త రబ్బరు ఉంటుంది, టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు చూసి నవ్వుకుంటారు.