శ్రీశ్రీ అని వెతికితే సగం పుస్తకాలే ఎందుకొస్తాయి?

[తెర మీద: లైబ్రరీ సెర్చ్ పేజీ. కర్సర్ మిణుకుతూ ఉంటుంది.]

నమస్కారం. ఇది నిజం లైబ్రరీది కాదు, మీకు చూపించడానికి నేను తయారుచేసిన నమూనా క్యాటలాగ్. ఇందులో "శ్రీశ్రీ" అని కొడుతున్నాను. ఏడు పుస్తకాలు వచ్చాయి. బాగానే ఉంది కదా?

ఇప్పుడు "శ్రీరంగం శ్రీనివాసరావు" అని కొడతాను. ఇంకో మూడు వచ్చాయి. ఈ మూడూ ఇందాకటి ఏడింటిలో లేవు. ఇంగ్లీషు అక్షరాల్లో "శ్రీ" రెండుసార్లు, మధ్యలో ఖాళీ వదిలి కొడితే మరో నాలుగు. ఖాళీ లేకుండా కొడితే ఇంకొకటి.

అంటే మొదట వెతికి, ఏడు చూసి వెళ్లిపోయిన పాఠకుడికి మిగతా ఎనిమిది లేనట్టే. పుస్తకం బీరువాలోనే ఉంది, దుమ్ము కూడా దులిపి పెట్టారు. క్యాటలాగ్‌లో మాత్రం మాయం.

[తెర మీద: పాత కార్డు క్యాటలాగ్ సొరుగు తెరుచుకుంటుంది.]

దీనికి మందు పాతదే. అమెరికాలో చార్లెస్ ఎమీ కట్టర్ అనే లైబ్రేరియన్ 1876లో క్యాటలాగ్ నియమాల పుస్తకం ఒకటి వేశాడు. క్యాటలాగ్ ఎందుకుండాలో అందులో చెప్పాడు. తెలిసిన పుస్తకం దొరకడం ఒక పని. ఫలానా రచయితవి మన దగ్గర ఏమేం ఉన్నాయో అన్నీ ఒక్కచోట చూపించడం రెండో పని. మనం పైన చూసిన తిప్పలు ఆ రెండో పనిలోవే.

కార్డుల కాలంలో ఏం చేసేవారంటే, ఒక పేరును ఖాయం చేసుకుని ఆ రచయిత కార్డులన్నీ దాని కింద పెట్టేవారు. మిగతా పేర్ల దగ్గర ఒక్కో కార్డు పెట్టి "శ్రీరంగం శ్రీనివాసరావు: శ్రీశ్రీ చూడు" అని రాసేవారు. అంతే. ఆ చిన్న "చూడు" కార్డే సగం పని చేసేది.

కంప్యూటర్‌లో దాన్నే అథారిటీ రికార్డు అంటున్నాం. ఒకటి దగ్గరగా చూద్దాం.

[తెర మీద: రికార్డు, పెద్ద అక్షరాల్లో.]

100: శ్రీశ్రీ, 1910-1983
400: శ్రీరంగం శ్రీనివాసరావు
400: శ్రీనివాసరావు, శ్రీరంగం

లైబ్రరీ రికార్డులు కంప్యూటర్‌లో రాసే పద్ధతిని మార్క్ ఫార్మాట్ అంటారు. అందులో 100 నంబరు ఖాయం చేసిన పేరుకు. 400 నంబరు, ఆయనవే అయిన మిగతా పేర్లన్నిటికీ. ఇంగ్లీషు స్పెల్లింగులు కూడా ఇలాగే చేర్చాలి, ఎన్ని ఉంటే అన్ని వరుసలు. పుస్తకం రికార్డుకు ఈ అథారిటీ రికార్డును తగిలిస్తే చాలు, పాఠకుడు ఏ పేరుతో వెతికినా పదిహేనూ ఒకేసారి వస్తాయి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. "స్టాండర్డైజ్ చేస్తున్నాం" అని మిగతా పేర్లన్నీ కొట్టేస్తారు. ఎక్సెల్‌లో ఫైండ్, రీప్లేస్. చూడ్డానికి షీటు శుభ్రంగా ఉంటుంది. కానీ పాఠకుడు తనకు గుర్తున్న పేరుతోనే వెతుకుతాడు, మనం ఖాయం చేసిన పేరుతో కాదు. కొట్టేసిన ప్రతి పేరూ ఒక తలుపు మూసేసినట్టే.

[తెర మీద: మూడు పేర్లు పక్కపక్కన.]

తెలుగు పేర్లకు తలనొప్పి ఎందుకు ఎక్కువో చెప్తాను.

మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. చాలా సాఫ్ట్‌వేర్లు మాత్రం చివరి మాటే ఇంటిపేరు అనుకుని తిప్పేస్తాయి. గురజాడ అప్పా రావు అని విడదీసి రాసి ఉంటే "రావు, గురజాడ అప్పా" అయి కూర్చుంటుంది. ఈ లెక్కన రాష్ట్రంలో సగం మంది రచయితలు రావుగారి కుటుంబమే.

పోనీ, మొదటి మాటే ఇంటిపేరు అని నియమం పెట్టేద్దామా? పక్కనే తమిళనాడు ఉంది. మన దేశంలో లైబ్రరీ సైన్స్‌కు ఆద్యుడు ఎస్. ఆర్. రంగనాథన్ పేరే తీసుకోండి. ఎస్ అంటే శియాళి, ఆయన ఊరు. ఆర్ అంటే రామామృత, తండ్రి పేరు. ఆయన పేరు రంగనాథన్. కాబట్టి ఆయన ఆ పేరు కిందే ఉండాలి. అప్పారావు గారేమో గురజాడ కింద ఉండాలి. మనిషి ఎక్కడివాడో తెలియకుండా కంప్యూటర్‌కు ఒకే నియమం ఇచ్చి వదిలేస్తే ఇద్దరిలో ఒకరు తప్పుచోట పడతారు.

ఇక ఇంగ్లీషు స్పెల్లింగుల సంగతి. గురజాడలో జ కి కొందరు జె రాస్తారు, కొందరు జెడ్ రాస్తారు. రావు చివర ఓ ఒకచోట, ఓడబ్ల్యూ ఇంకోచోట. పూర్తి పేరు గురజాడ వెంకట అప్పారావు కాబట్టి కొన్నిచోట్ల జి. వి. అని రెండక్షరాలు. సి. నారాయణరెడ్డి గారిది ఇంకా తమాషా. పొట్టి పేరులో సి, ఇంగ్లీషులోనూ సి అక్షరమే. ఆ సి అంటే సింగిరెడ్డి. సింగిరెడ్డిని ఇంగ్లీషులో పూర్తిగా రాస్తే ఎక్కువమంది ఎస్‌తో మొదలుపెడతారు. ఇంటిపేరు మొదటి అక్షరం కలవాలి అని షరతు పెట్టిన ప్రోగ్రాం ఏదైనా సినారెను రెండు ముక్కలు చేస్తుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం చలం గారి కేసు. విదేశీ లైబ్రరీలు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చడానికి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల పట్టిక వాడతాయి. అందులో చ కు సి ఒక్కటే, ఛ కు సి, హెచ్. ఆ లెక్కన చలం పేరు సి, ఏ, ఎల్, ఏ, ఎమ్, చివర ఎమ్ కింద చుక్క. పట్టిక తెలియనివాళ్లు చదివితే "కలం". రచయితకు బాగానే నప్పింది గానీ, చికాగోలోనో టెక్సస్‌లోనో ఉన్న తెలుగు విద్యార్థి సి-హెచ్ కొట్టి వెతికితే, ఆ స్పెల్లింగు 400 వరుసలో ఎవరూ చేర్చకపోతే, ఏమీ రాదు. యూనివర్సిటీలో తెలుగు పుస్తకాలే లేవు అనుకుని వెళ్లిపోతాడు.

అన్నట్టు, ఆంధ్ర గ్రంథాలయోద్యమ పితామహుడని పిలుచుకునే అయ్యంకి వెంకటరమణయ్య గారి పేరు ఇంగ్లీషులో ఒకచోట ఏ-వై తో, ఇంకోచోట ఐ-వై తో కనిపిస్తుంది. ఆయన్నే కలపలేకపోతే ఇంక మనమేం చెప్తాం.

[తెర మీద: ఖాళీ తెర, ఒక్క పేరు: "పి. శ్రీనివాసరావు".]

ఇప్పటిదాకా ఒక్క మనిషికి అనేక పేర్లు. దీనికి తిరగేసిన సమస్య ఇంకా ప్రమాదం: ఒక్క పేరు, అనేక మనుషులు.

నా చేతి తప్పు చెప్తాను. ఒక చిన్న గ్రంథాలయం రిజిస్టరును ఎక్సెల్‌లోకి ఎక్కించే పనిలో కూర్చున్నాను. "పి. శ్రీనివాసరావు" పేరు మీద ఆరు పుస్తకాలు. అక్షరం పొల్లుపోకుండా ఒకే పేరు. ఒకరే అనుకుని కలిపేశాను. తర్వాత పుస్తకాలు చేతిలోకి తీసుకుంటే నాలుగు ఇంటర్ ఫిజిక్స్ గైడ్లు, ఒకటి కవితా సంపుటి, ఒకటి శతకానికి వ్యాఖ్యానం. ఫిజిక్స్ మాస్టారు శతకానికి వ్యాఖ్యానం రాయకూడదని రూలేం లేదు. రాశారో లేదో మాత్రం నాకు తెలియదు. అప్పటికే పాత షీటు మీదే సేవ్ చేసేశాను.

అందుకే చెప్తున్నా. ఒకే మనిషి రెండు రికార్డులుగా ఉండిపోతే, తర్వాత ఎవరో గమనించి కలుపుతారు. రెండు నిమిషాల పని. ఇద్దరిని ఒకరిగా కలిపేస్తే, ఏ పుస్తకం ఎవరిదో మళ్లీ ఒక్కొక్కటీ చేత్తో తీసి చూడాలి. పిండి, ఉప్పు కలిపాక విడదీసినట్టే. అనుమానం ఉన్నప్పుడు కలపకండి.

సందేహం తీర్చడానికి మొదట పనికొచ్చేది పుట్టిన సంవత్సరం. 100 వరుసలో పేరు పక్కన ఉండేది అందుకే. అది దొరక్కపోతే టైటిల్ పేజీ వెనక వైపు, ముందుమాట కింద ఊరు పేరు, అట్ట చివర రచయిత పరిచయం. ఈ పనిలో సగం సమయం కంప్యూటర్ ముందు కాదు, బీరువా ముందు గడుస్తుంది.

తిరుపతి వేంకట కవుల్లాంటి వాళ్లు ఉండనే ఉన్నారు. చూస్తే ఒక్క పేరు. మనుషులు ఇద్దరు: దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి. తిరుపతి శాస్త్రి 1920లో పోయారు. వేంకట శాస్త్రి 1950 దాకా ఉన్నారు, ఒక్కరుగానూ రాశారు. కాబట్టి జంటకు ఒక రికార్డు, ఇద్దరికీ చెరొకటి, మూడింటి మధ్య "ఇది కూడా చూడు" అనే లంకె. మార్క్‌లో దానికి 500 నంబరు. 400కీ 500కీ తేడా ఇదే: 400 అదే మనిషి ఇంకో పేరు, 500 సంబంధమున్న వేరే రికార్డు.

[తెర మీద: ఓపెన్‌రిఫైన్‌లో షీటు తెరుచుకుంటుంది.]

మరి వేల వరుసలున్నప్పుడు? ఓపెన్‌రిఫైన్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ఫింగర్‌ప్రింట్ అనే పద్ధతి చూడండి. పేరులోని కామాలు, చుక్కలు తీసేస్తుంది. మాటలను విడదీసి అక్షరక్రమంలో పేరుస్తుంది. "గురజాడ అప్పారావు", "అప్పారావు, గురజాడ" రెండూ "అప్పారావు గురజాడ" అయిపోతాయి. వేలిముద్ర ఒకటే కాబట్టి పక్కపక్కన పెట్టి, కలపమంటారా అని అడుగుతుంది. అడుగుతుంది, కలపదు. నాకు నచ్చేది అదే.

కానీ "అప్పా రావు" అని ఖాళీ పడితే మాటలు మూడు, వేలిముద్ర వేరు. అప్పుడు అక్షరాల తేడా లెక్కపెట్టే పద్ధతికి మారాలి. ఎన్ని అక్షరాలు మారిస్తే ఈ పేరు ఆ పేరవుతుంది అని. "వెంకట" చేరిన పేరు దానికీ అందకపోవచ్చు. అక్కడ మళ్లీ మనమే.

ఇంకో చిక్కు కంటికి కనపడదు. ఈ రెండు మాటలు చూడండి.

[తెర మీద: "రాజ్‌కుమార్" రెండుసార్లు, ఒకేలా.]

ఒకేలా ఉన్నాయి కదా? కంప్యూటర్ మాత్రం వేరంటోంది. ఒకదాంట్లో పొల్లు తర్వాత కనిపించని అక్షరం ఒక్కటుంది. జ్, క అతుక్కుపోకుండా ఆపేది అదే. రెండోదాంట్లో టైపు చేసినవాళ్లు పొరపాటున దాన్ని రెండుసార్లు కొట్టారు. ఐత్వానికీ ఇలాంటిదే ఉంది: యూనికోడ్‌లో అది ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం, కింద ఐత్వపు ముక్క అని రెండుగానూ రాయొచ్చు. చూపుకు తేడా లేదు. పోల్చే ముందు నార్మలైజ్ చేయడం, అంటే అన్నిటినీ ఒకే రూపంలోకి తేవడం, కనిపించనివాటి సంగతి తేల్చడం మర్చిపోతే రోజంతా జుట్టు పీక్కోవాలి. యూనికోడ్ రాకముందు పాత ఫాంట్లలో టైపు చేసిన జాబితాలుంటే ముందు వాటిని యూనికోడ్‌లోకి మార్చాకే మిగతా మాట.

దేశాల స్థాయిలోనూ ఇదే పని జరుగుతుంది. వయాఫ్ అని ఒక సేవ ఉంది. అమెరికా, జర్మనీ జాతీయ స్థాయి లైబ్రరీలు, ఓసీఎల్‌సీ అనే లైబ్రరీల సహకార సంస్థ కలిసి 2003లో మొదలుపెట్టాయి, తర్వాత ఫ్రాన్స్, ఇంకా ఎన్నో చేరాయి. పేర్లు, తేదీలే కాక, ఏ పుస్తకాలు రాశారు, ఎవరితో కలిసి రాశారు అన్నవి కూడా పోల్చి ఒక గుంపుగా చేరుస్తుంది. ఎవరి పేరు వాళ్లు మార్చుకోనక్కర్లేదు. అందరి రూపాలూ ఒకే నంబరు కింద ఉంటాయి. ఐఎస్ఎన్ఐ అనే పదహారు అంకెల గుర్తింపు సంఖ్య కూడా ఇలాంటిదే.

[తెర మీద: సొరకాయ బొమ్మ.]

ఇక విషయ శీర్షికలు, అంటే పుస్తకం దేని గురించో చెప్పే మాటలు. ఇదేమిటి? సొరకాయ. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఆనపకాయ. కూరగాయల సాగు మీద ఒక పుస్తకం సొరకాయ కింద, ఇంకోటి ఆనపకాయ కింద పెడితే శ్రీశ్రీ కథే మళ్లీ. పల్లీలు, వేరుశనగ, బుడ్డలు కూడా అంతే. ఏదో ఒకటి ఖాయం చేసి మిగతావి "చూడు" కింద పెట్టాలి. ఏది ఖాయం చేస్తారన్న దగ్గర మాత్రం గొడవ గ్యారంటీ.

ఒకే మాటకు అనేక అర్థాలు ఇక్కడా ఉన్నాయి. "కళ్యాణి" అంటే రాగమా, చాళుక్యుల రాజధానా, హైదరాబాద్ బిర్యానీయా? అందుకే శీర్షిక పక్కన బ్రాకెట్లో తేడా రాస్తారు: కళ్యాణి (రాగం).

మాటలు పాతబడతాయి కూడా. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాబితాలో వంటకు చాలాకాలం "కుకరీ" అనే ఉండేది. 2010లో "కుకింగ్" చేశారు. దానితో మొదలయ్యే శీర్షికలు వందల్లో మారాయి. రికార్డులు అథారిటీకి తగిలించి ఉన్న లైబ్రరీల్లో ఒక్కచోట మారిస్తే సరిపోయింది. లేనిచోట ఒక్కో పుస్తకం తెరిచి మార్చుకోవాల్సిందే.

మనకు అంతకంటే పెద్ద పరీక్ష జిల్లాలు. కడప సంగతి తీసుకోండి. పాత ఇంగ్లీషు స్పెల్లింగు సి-యు తో, తర్వాత కె-ఏ తో, 2010లో వై.ఎస్.ఆర్. జిల్లా, ఆ తర్వాత మళ్లీ కడప పేరు చేరింది. ఇది తేలికే, చోటు అదే, పేర్లు నాలుగు.

వరంగల్‌తోనే అసలు కష్టం. 2016లో పాత వరంగల్ జిల్లాను ముక్కలు చేశారు. అందులో వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని రెండు. 2021లో అర్బన్ పేరు హనుమకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది. ఇప్పుడు 1985లో అచ్చయిన "వరంగల్ జిల్లా" పుస్తకానికి ఏ శీర్షిక ఇస్తారు? పేరు మ్యాచ్ చేసే ప్రోగ్రాంకు రెండూ వరంగల్ జిల్లాలే, నూటికి నూరు మార్కులు వేసి కలిపేస్తుంది. ములుగు అడవుల గురించి, జనగామ పోరాటం గురించి రాసిన అధ్యాయాలు మాత్రం ఈనాటి వరంగల్ జిల్లాలోకి రావు. కాబట్టి పాత జిల్లాకు "2016 వరకు" అని ఒక రికార్డు, కొత్తదానికి ఇంకోటి, మధ్యలో లంకె. నేను అలాగే చేశాను.

[తెర మీద: మొదటి ఎక్సెల్ షీటు. ఒక వరుస పసుపు రంగులో.]

ఇక నా పి. శ్రీనివాసరావుల సంగతి. పాత బ్యాకప్ తెరిచి ఆరు పుస్తకాలనూ మళ్లీ విడదీశాను. ఫిజిక్స్ గైడ్లు నాలుగూ ఒకరివే, అట్ట వెనక ఒకే కాలేజీ పేరు, ఒకే ఫోటో. కవి వేరు, ముందుమాటలో పుట్టిన సంవత్సరం దొరికింది. శతక వ్యాఖ్యానానికి అట్ట లేదు, మొదటి పేజీలు చెదలు తినేశాయి. దాన్ని ఎవరితోనూ కలపలేదు. ఆ వరుస ఇంకా పసుపు రంగులోనే ఉంది.