దొంగ ముద్రను చెక్కే పట్టిస్తుంది

[దృశ్యం: తిరుపతిలో చిన్న పనిగది. బల్ల మీద టేకు ముక్క, ఉలి, సుత్తి, ఉక్కు అక్షరాల అచ్చు.]

నమస్కారం. మా నాన్నగారు మాధవమాలలో ఎర్రచందనం బొమ్మలు చెక్కేవారు. తిరుపతిలో నాదీ అదే పని. అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడికి పాత సైనిక రైఫిళ్లు సేకరించే అలవాటు ఉంది. పోయిన నెల ఒక ఎమ్ 1 గరాండ్ రైఫిల్ స్టాక్, అంటే చెక్క భాగం, ఫొటోలు పంపాడు. "మామయ్యా, ఈ ముద్ర అసలుదేనా?" అని అడిగాడు. అప్పటికే డబ్బు కట్టేశాడు.

ముందు ఆ ముద్ర కథ చెబుతాను. గరాండ్‌ను అమెరికా సైన్యం 1936లో స్వీకరించింది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో తయారైన రైఫిల్ తనిఖీలో నెగ్గితే, వాల్‌నట్ చెక్కకు ఎడమ పక్కన గడి ముద్ర కొట్టేవారు. గడిలో పైన ఎస్.ఎ. (స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ), కింద అప్పటి అధికారి పొడి అక్షరాలు ఉంటాయి. జి.హెచ్.ఎస్. అని ఉంటే 1940ల మొదట్లోది. జి.ఎ.డబ్ల్యు. అయితే 1943, 44 ప్రాంతానిది. ఎన్.ఎఫ్.ఆర్. రెండో ప్రపంచ యుద్ధం చివరి నాటిది. యుద్ధం తర్వాత చాలా రైఫిళ్లను విప్పి బాగుచేశారు, చెక్కలు మార్చారు. అందుకే తొలినాటి ముద్ర చెరగకుండా మిగిలిన చెక్కకు అంత గిరాకీ. గిరాకీ ఉన్నచోట అచ్చు తయారుచేసి కొట్టేవాళ్లూ ఉంటారు.

[దగ్గరి దృశ్యం: టేకు ముక్క మీద అచ్చు, సుత్తి దెబ్బ.]

ఇది చూడండి. ఒక్క దెబ్బ కొట్టాను. చెక్క తెగలేదు, నార అణిగింది. నా చెయ్యి కాస్త వాలింది కాబట్టి ఒక పక్క లోతుగా, మరో పక్క తేలికగా పడింది. చేత్తో కొట్టిన ముద్రలో ఈ తేడా సహజం. ఇప్పుడు పక్కనే అదే అక్షరాన్ని ఉలితో చెక్కుతాను. ఇక్కడ నార తెగిపోయింది. తడి గుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే అణిగిన అక్షరం కొంత పైకి లేస్తుంది, తెగినది లేవదు. దయచేసి ఈ పరీక్షను పాత చెక్క మీద మాత్రం చేయకండి, అసలు ముద్రే పాడవుతుంది. భూతద్దం పట్టి నార తెగిందా, వంగిందా చూస్తే చాలు.

అంతకన్నా ముఖ్యం వయసు. మా ఇంట్లో నాన్నగారు చెక్కిన స్వామివారి బొమ్మ ఉంది. ఏళ్ల తరబడి చేతులు తగిలి శంఖుచక్రాల అంచులు మొద్దుబారాయి, గీతల్లో నూనె, మసి పేరుకున్నాయి. రైఫిల్ చెక్కకు అవిసె నూనె పట్టించేవారు. అక్కడా అంతే: చుట్టూ చెక్క అరిగి, ముద్ర అంచులు మాత్రం బ్లేడులా నిలబడితే, లోపలి రంగు బయటి రంగుకన్నా తేటగా ఉంటే, అది నిన్న మొన్నటి దెబ్బ. చెక్క మీది పాత గీతను కూడా గమనించండి. ముద్ర తర్వాత పడిన గీత పల్లాన్ని దాటుకుని పోతుంది. ముందే ఉన్న గీత ముద్రతోపాటు అడుగుకు అణిగి కనిపిస్తుంది.

[ఫొటో: స్టాక్ మడమ, అంటే భుజానికి ఆనించే చివర, దానికి బిగించిన ఇనుప పలక.]

మా వాడి ఫొటోలో నన్ను ఆపింది ఇది. మడమ దగ్గర ఇనుప పలక అంచు చెక్కకన్నా పైకి పొడుచుకు వచ్చింది. చెక్కను గట్టిగా సాన పట్టారన్నమాట. అంత పొర పోయాక ముద్ర పలచబడాలి కదా? ఇక్కడ గడి నాలుగు వైపులా ఒకే లోతులో, పదునుగా ఉంది. అమ్మినవాడికి మడమ ఫొటో, ముద్ర ఫొటో పక్కపక్కన పెట్టి పంపమన్నాను. డబ్బు సగమే వెనక్కి వచ్చింది. బాధగానే ఉంది, నెలల తరబడి దాచుకున్న డబ్బది.

ఒక హెచ్చరిక. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆయుధం అన్న మాటలో దాని భాగాలూ వస్తాయి. ఇక్కడ ఉన్నవాళ్లు చట్టం తెలుసుకోకుండా తెప్పించుకోకండి.

మొన్న మా మేనల్లుడు మరో రైఫిల్ ఫొటో పంపాడు. రైఫిల్ నంబరు 1943 నాటిది, చెక్క మీద మాత్రం ఆర్.ఐ.ఎ., ఇ.బి. అని ఉంది. నంబరుకూ ముద్రకూ పొసగలేదని భయపడ్డాడు. అది రాక్ ఐలాండ్ అనే మరో అమెరికా ఆయుధ కర్మాగారంలో రైఫిల్‌ను బాగుచేసినప్పుడు కొట్టిన ముద్ర. గడిలో ఒక మూల దాదాపు చెరిగిపోయింది, అక్షరాల అడుగున నల్లటి నూనె గడ్డకట్టింది, పలకా చెక్కా సమంగా కూర్చున్నాయి. తీసుకోమన్నాను.