ఎడమ చేయి వెనక్కి

(బెంగళూరులో తెలుగువారి ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక మాట. ఈ బల్ల మీద బోర్లించి ఉన్న యాంప్లిఫయర్ ప్లగ్గు పీకి, అందరికీ కనబడేలా పైనే పెట్టాను. నేను చెప్పేదాకా దాన్ని ఎవరూ సాకెట్లో పెట్టొద్దు. పిల్లలు కూడా వచ్చారు కాబట్టి రెండోసారి కూడా చెబుతున్నాను.

మాది హిందూపురం. నాన్న మైకు సెట్లు అద్దెకిచ్చేవారు. పెళ్ళిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, హరికథలు, ఎన్నికల సభలు, అన్నిటికీ మా ఇంటి నుంచే బండి కదిలేది. ఆ యాంప్లిఫయర్ స్విచ్చి వేయగానే పలికేది కాదు. లోపల వాల్వులనే గాజు గొట్టాలు నెమ్మదిగా ఎర్రబడి, వేడెక్కి, అప్పుడు పలికేది. ఆ అర నిమిషం మైకు పట్టుకుని ఎదురుచూడటం నా పని. నాన్న పోయాక ఆ పెట్టెను మత్తికెరెలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. పదేళ్ళు అటక మీదే ఉంది. నేను లెక్కలు రాసే ఉద్యోగం చేస్తాను, ఎలక్ట్రానిక్స్ చదువుకోలేదు. ఆరేళ్ళ కిందట ఒకరోజు దాన్ని మళ్ళీ పలికించాలనిపించింది.

బెంగళూరులో ఉండటం నా అదృష్టం. భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) 1954లో జాలహళ్ళిలో మొదలైంది. 1960లలో మన దేశపు రేడియోల్లో వాడే వాల్వులు అక్కడే తయారయ్యేవి. గాజు మీద 'బెల్' అని ముద్ర ఉన్న వాల్వులు ఇప్పటికీ పాత సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. ఆ వాల్వుల విభాగంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మాకు నాలుగు వీధుల అవతల ఉంటారు. మదనపల్లె వైపు మనిషి. నాన్న యాంప్లిఫయర్ అడుగు రేకు విప్పి చూసి, "ఇందులో రెండు ఈఎల్34 వాల్వులు ఉన్నాయమ్మా. నాలుగు వందల వోల్టుల పైనే ఉంటుంది. ఇది నీ మొదటి బండి కాదు. చిన్నది ఒకటి తెచ్చుకో, ఇది ఏడాది ఆగుతుంది" అన్నారు. నాకు కష్టం అనిపించింది. కానీ ఆ మాట వినడం వల్లే ఈరోజు మీ ముందు నిలబడగలిగాను.

చిన్నదాని కోసం సిటీ మార్కెట్ దగ్గర సండే బజారులో నాలుగు ఆదివారాలు తిరిగాను. చివరికి పాత రికార్డు ప్లేయర్‌లోంచి విప్పిన యాంప్లిఫయర్ దొరికింది. మూడే వాల్వులు: ఈసీసీ83, ఈఎల్84, ఈజెడ్80. బల్ల మీద ఉన్నది అదే.

ఈ పేర్లు చూసి భయపడకండి, అవే సగం సంగతి చెప్పేస్తాయి. మొదటి అక్షరం 'ఈ' అయితే ఫిలమెంటుకు, అంటే వాల్వును వేడెక్కించే తీగకు, 6.3 వోల్టులు. 'సీసీ' అంటే ఒకే గాజులో రెండు ట్రయోడ్లు, అంటే మూడు భాగాల వాల్వులు రెండు. 'ఎల్' అంటే స్పీకర్‌ను నడిపే పవర్ వాల్వు. 'జెడ్' అంటే ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్. అంకెల్లో 8తో మొదలైతే తొమ్మిది కాళ్ళ సాకెట్. అదే పేరు 'యూ' అక్షరంతో మొదలైందా, అంటే యూసీఎల్82 లాంటిది కనిపించిందా, కొత్తవాళ్ళు ఆ సెట్టు జోలికే పోవద్దు. ఆ వాల్వుల ఫిలమెంట్లను వరసగా కలిపి నేరుగా కరెంటు మీద నడుపుతారు. చాలావాటిలో మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసీకే, అంటే అన్నీ బిగించిన ఇనప చట్రానికే, ఫేజు వచ్చేస్తుంది. సెట్టును కరెంటు లైను నుంచి వేరుచేసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా దాన్ని ముట్టుకోవడం ప్రాణంతో చెలగాటం.

వాల్వు పని మనకు బాగా తెలిసిందే. చెరువుకు తూము ఉంటుంది కదా. వేడెక్కిన కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు ప్లేటు వైపు పరుగెత్తుతాయి, మధ్యలో గ్రిడ్ అనే సన్నటి తీగల చుట్ట తూము తలుపులా నిలబడుతుంది. గ్రిడ్ మీద వోల్టేజి కొద్దిగా మారితే చాలు, ప్లేటు వైపు పారేది చాలా మారుతుంది. 1906లో అమెరికా ఆవిష్కర్త లీ డి ఫారెస్ట్ చేసిన పని ఇదే: రెండు భాగాల గొట్టంలో ఈ మూడో భాగాన్ని పెట్టడం.

ఇక భయం సంగతి. నాకు ఇప్పటికీ భయమే, అది పోకూడదనే అనుకుంటాను. ప్లగ్గు పీకినా, డీసీని నిలకడ చేసే ఫిల్టర్ కండెన్సర్లలో కరెంటు నిలవ ఉంటుంది. అందుకే పది కిలో ఓమ్‌ల, ఐదు వాట్ల రెసిస్టెన్స్‌కు రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న తీగలు, క్లిప్పులు కట్టి ఉంచుకున్నాను. పని మొదలుపెట్టే ముందు దాన్ని కండెన్సర్‌కు ఆనించి పదిదాకా లెక్కపెడతాను. 47 మైక్రోఫారడ్ల కండెన్సర్ అయితే మూడు సెకన్లలో దాదాపు ఖాళీ అవుతుంది. అయినా లెక్క ఆపను, ఆ తర్వాత మీటరుతో చూడనిదే వేలు పెట్టను. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి టప్పుమనిపించేవాళ్ళు ఉన్నారు, దయచేసి అలా చేయకండి. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే నల్ల తీగను ముందే ఛాసీకి క్లిప్పు పెట్టి, కుడిచేత్తో ఎర్ర తీగ పట్టుకుని, ఎడమ చేయి వీపు వెనక పెట్టుకోవాలి. రెండు చేతులూ లోపల ఉంటే కరెంటు ఒక చేతి నుంచి రెండో చేతికి గుండె మీదుగా పోతుంది. పెద్దాయన మొదటి నెలంతా నా వెనక నిలబడి "ఎడమ చేయి" అని మాత్రమే అనేవారు.

పాత యాంప్లిఫయర్‌ను తెచ్చిన రోజే నేరుగా కరెంటుకు పెట్టకూడదు. 60 వాట్ల పాత రకం ఫిలమెంటు బల్బును వరసలో పెట్టి ఇవ్వాలి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే ముందుకు పోవచ్చు. అలాగే వెలుగుతూ ఉంటే లోపల ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. మరొకటి, స్పీకర్ తగిలించకుండా వాల్వు యాంప్లిఫయర్‌ను పాడించకూడదు. స్పీకర్ లేకపోతే, వాల్వుకూ స్పీకర్‌కూ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి ఎగిసి దాని చుట్టలు కాలిపోవచ్చు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నదానికి వస్తాను. కొత్తవాళ్ళందరికీ మొదట చేతికి అందేది సోల్డరింగ్ ఐరన్. నాకూ అంతే. నా యాంప్లిఫయర్ పది నిమిషాలు చక్కగా పాడి, తర్వాత గొంతు బొంగురుపోయేది. ఈఎల్84 మామూలు కంటే వేడెక్కేది. వాల్వు పోయిందనుకుని ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డు అంతా తిరిగి కొత్తది తెచ్చాను. రెండు రోజులు బాగానే ఉంది, మళ్ళీ అదే కథ. పెద్దాయన దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఐరన్ ముట్టుకోలేదు. కాగితం, పెన్సిల్ అడిగారు.

"కాథోడ్ దగ్గర ఎంతుందో చదువమ్మా."

ఈఎల్84 కాథోడ్‌కు, ఛాసీకి మధ్య 150 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంది. స్విచ్చి వేసిన రెండు నిమిషాలకు అక్కడ 7.5 వోల్టులు. 7.5ను 150తో భాగిస్తే 50 మిల్లీ ఆంపియర్లు. ఈ వాల్వుకు 250 వోల్టుల దగ్గర డేటాషీట్, అంటే తయారీదారు ఇచ్చే వివరాల కాగితం, చెప్పే లెక్కకు ఇది దగ్గరగానే ఉంది. పది నిమిషాలకు మళ్ళీ కొలిస్తే 11.5 వోల్టులు. అంటే 77 మిల్లీ ఆంపియర్లు. 12 వాట్లు తట్టుకునే ప్లేటు మీద సుమారు 15 వాట్లు పడుతున్నాయి. గ్రిడ్ దగ్గర సున్నా ఉండాల్సిన చోట ఆరు వోల్టులు కనిపించాయి. ముందు వాల్వు ప్లేటు నుంచి పాటను మాత్రమే దాటించి, డీసీని ఆపాల్సిన కాగితపు కండెన్సర్ వేడెక్కేకొద్దీ కారుతోంది. తూము తలుపును ఎవరో కింద నుంచి ఎత్తి పట్టుకున్నట్టు. "వాల్వు చావలేదమ్మా, పక్కనున్న కండెన్సర్ దాన్ని చంపుతోంది" అన్నారు. 0.022 మైక్రోఫారడ్, 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్ వేశాం. నేను వాల్వుకు పెట్టిన డబ్బుతో అలాంటివి గుప్పెడు వచ్చేవి.

ఆ రోజు ఒక నోటుబుక్కు కొన్నాను. వాల్వు పేరు, కాలి నంబరు, ఉండాల్సిన వోల్టేజి, ఉన్న వోల్టేజి, తేదీ. ఖాతా పుస్తకాలు రాసే చేతికి ఇది సుఖంగా అనిపించింది. ఉండాల్సినదీ ఉన్నదీ ఎక్కడ కలవలేదో అక్కడ తప్పు ఉంటుంది. 220 కిలో ఓమ్‌ల పాత కార్బన్ రెసిస్టెన్స్ 300 దాటి చదవడం కూడా అలాగే దొరికింది. గుయ్‌మనే మోత వస్తే చెవి కూడా మీటరే. మన కరెంటు 50 హెర్ట్‌జ్. ఏసీ రెండు సగాలనూ వాడుకునే ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ తర్వాత ఫిల్టర్ కండెన్సర్ బలహీనపడితే మోత 100 హెర్ట్‌జ్‌లో, కాస్త పై స్వరంలో వస్తుంది. ఎర్తు తీగలోనో ఫిలమెంటు తీగలోనో తేడా ఉంటే సాధారణంగా 50లో, లోతుగా వస్తుంది. సంగీతం నేర్చుకున్నవాళ్ళకు ఈ రెంటికీ ఒక స్థాయి తేడా ఇట్టే తెలిసిపోతుంది. మా అమ్మాయి నాకంటే ముందు పట్టేస్తుంది.

మార్పులు చేయడం గురించి చాలామంది అడుగుతారు. నా మొదటి మార్పు పెద్ద పొరపాటు. మోత ఇంకా తగ్గుతుందని రెక్టిఫయర్ పక్కనున్న 32 మైక్రోఫారడ్ల కండెన్సర్ తీసి 220ది వేశాను. మోత తగ్గింది. వారం తిరక్కుండా ఈజెడ్80 లోపల మెరుపు మెరిసి పోయింది. ఆ రెక్టిఫయర్ పక్కన 50 మైక్రోఫారడ్లకు మించి పెట్టకూడదని దాని డేటాషీట్‌లోనే ఉంది. స్విచ్చి వేసిన ప్రతిసారీ, ఏసీ ప్రతి సైకిల్‌లోనూ, అంత పెద్ద కండెన్సర్‌ను నింపడానికి అది తన శక్తికి మించి మోసింది. నేను చదవలేదు. బెల్ ముద్ర ఉన్న మంచి వాల్వు అది. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అప్పటి నుంచి నాకు నేను ఒక షరతు పెట్టుకున్నాను. ఏ మార్పు చేసినా, చేశాక ఎక్కడ ఎంత వోల్టేజి మారుతుందో ముందే కాగితం మీద రాయాలి. రాయలేకపోతే ఆ మార్పు చేసే రోజు ఇంకా రాలేదు. ఉదాహరణకు ఈసీసీ83 కాథోడ్ దగ్గర రెసిస్టెన్స్‌కు పక్కన కట్టిన కండెన్సర్‌ను తీసేస్తే డీసీ వోల్టేజి ఏమీ మారదు, కానీ పాట గట్టితనం తగ్గుతుంది, శబ్దం కాస్త శుభ్రపడుతుంది. ఇది తీసి పెట్టి వినడానికి మంచి పాఠం. స్పీకర్ నుంచి వెనక్కి వచ్చే ఫీడ్‌బ్యాక్ తీగను మాత్రం జాగ్రత్తగా చూడాలి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పుడు తీగలు తారుమారైతే యాంప్లిఫయర్ కేక పెడుతుంది. వెంటనే ఆపి, ఆ రెండు తీగలూ అటూ ఇటూ మార్చాలి.

ఖరీదైన కండెన్సర్లకు డబ్బు పోయవద్దని నా అభిప్రాయం. ఆ డబ్బు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు పెట్టండి. ఈఎల్84 అడిగేది ఐదు వేల ఓమ్‌ల పైచిలుకు, స్పీకర్ ఉన్నది ఎనిమిది. ఆ రెంటికీ పెళ్ళి కుదిర్చేది అదే. చుట్ల నిష్పత్తి 25కు 1 దగ్గర ఉండాలి. లెక్క రాసి ఇస్తే చేత్తో చుట్టిచ్చేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారు. పాత పవర్ ట్రాన్స్‌ఫార్మర్ వెనక వోల్టేజి పట్టీలను కూడా చూడండి. 220 పట్టీ మీద ఉన్నదానికి మన ఇళ్ళల్లో 240 వస్తే 6.3 ఉండాల్సిన ఫిలమెంటు 6.9 దాకా పోతుంది. 245 పట్టీ ఉంటే దానికి మార్చండి, వాల్వు ఆయుష్షు పెరుగుతుంది.

నాన్న యాంప్లిఫయర్ ఏడాది కాదు, ఐదేళ్ళు ఆగింది. పోయిన దసరాకు దాన్ని పెద్దాయన వరండాలో బల్బు వరసలో పెట్టి వెలిగించాం. బల్బు మసకబారింది. ఈఎల్34లు నెమ్మదిగా ఎర్రబడ్డాయి. మైకు నా చేతిలోనే ఉంది. ఎప్పటిలాగే అర నిమిషం ఆగాను.

ఇక ఈ చిన్నదాన్ని చూద్దాం. కండెన్సర్లు ఖాళీ చేశాను, మీరు చూస్తుండగానే మళ్ళీ కొలుస్తాను. ఇద్దరిద్దరుగా రండి. ఉంగరాలు, గాజులు, వాచీలు తీసి ఈ పళ్ళెంలో పెట్టండి. నోటుబుక్కు ఇక్కడ ఉంది, మొదటి అంకె మీరే రాయాలి.